ఇరవై రెండు చదరపు మీటర్ల గుడ్డ

బ్యూనస్ ఐరిస్, బల్వనేరా పేట, ఏడో అంతస్తు.
ఇనుప జాలీ లిఫ్టు దిగగానే ఎడమచేతి వైపు
ఇరవై రెండు చదరపు మీటర్లు.
"వెలుతురు బాగుంటుంది సెన్యోరా" అన్నాడు ఏజెంటు కుర్రాడు.
గది గురించి ఇంకేం చెప్పాలో తోచనివాళ్ళు అనే మాట అది.

ముప్పై నాలుగేళ్ళు నాటకశాల వెనక గదిలో
రాణులకీ, హంతకులకీ, ఈటెలు పట్టుకుని ఊరికే నిలబడేవాళ్ళకీ
గుడ్డ కత్తిరించినదాన్ని.
చాలీచాలని మఖమల్లులోంచి మంత్రి అంగీ తియ్యమంటే తీశాను,
వీపు దగ్గర అతుకేసి.
వీపు ఎవరు చూస్తార్లే అనుకున్నాను,
చివరి అంకంలో అతను జనానికి వీపు తిప్పి చచ్చిపోయేదాకా.

అందుకే సామాను ఎక్కించకముందు
సుద్దబిళ్ళ పట్టుకుని నేలమీద మోకరిల్లాను.
మంచం గీశాను. చెరిపాను.
కిటికీ వైపు జరిపి మళ్ళీ గీశాను.
బీరువా, దాని తలుపు తెరుచుకునే మేర చుక్కలు చుక్కలుగా.
కుట్టుమిషను. చేతుల కుర్చీ.
పొయ్యి ముందు నిలబడే నేను: ఒక సున్నా.
ప్రతి గీత పక్కనా అంగుళం వదిలాను, మడతకి వదిలినట్టే.
మనిషి లావెక్కుతుంది,
ఎప్పుడో ఒకనాడు విప్పి వదులు చేసుకోవాలి కదా.

వారం రోజులు ఆ గీతల మధ్యే ఉన్నాను.
లేని బీరువా తగులుతుందని ఒరిగి నడిచాను.
రాత్రి మంచినీళ్ళకి లేచి
మిషను మీంచి నడిచేసినందుకు నొచ్చుకున్నాను.
వాచ్‌మన్ ఎవరిస్తో గుమ్మంలోంచి తొంగిచూసి
"ఎవర్ని చంపేశారు దోన్యా నెలిదా?" అన్నాడు.
"ఎనిమిది కుర్చీల భోజనాల బల్లని" అన్నాను.
"నిన్ననే, చెల్లెలికిచ్చి."

ఆ తర్వాత నా కత్తిరింపు బల్ల వచ్చింది.
నాటకశాల మూతపడ్డప్పుడు కట్టెల ధరకి కొన్నది,
మూడు మీటర్ల పొడుగు.
గదంతా కొలిచినదాన్ని, మెట్ల మలుపు కొలవలేదు.
ఐదో అంతస్తు దగ్గర ఇరుక్కుంది.
నలభై నిమిషాలు. ఎవరిస్తో, వాళ్ళ బావమరిది,
కింద నుంచి పాకుతూ వెళ్ళిన కూరగాయల సంచీ ఆవిడా.
చివరికి నేనే రంపం తెమ్మన్నాను.
కోసిన నలభై సెంటీమీటర్లూ ఇవాళ పొయ్యి పక్కన అర.

రాత్రి దానిమీద పరుపు. పొద్దున్నే చుట్టేస్తే మళ్ళీ బల్ల.
మంచం ఉన్నంతలోనే కాళ్ళు చాపుకోమంటారు.
నేను చాపాక కూడా ఇంకా మీటరు మిగులుతుంది,
అక్కడ ఇస్త్రీపెట్టె, రేడియో, మాతె తాగే బుర్ర.
ఇంత ఇరుకింట్లో ఆ మీటరొక్కటే జమీందారీ.
నిద్ర పట్టకపోతే పరుపు కిందికి చెయ్యి పోనిచ్చి
కత్తి గాట్లు తడుముతాను:
ఇది ఏ రాణి చంక గుండ్రమో,
ఇది నా పొరపాటు.

అన్నీ వచ్చాయి, చేతుల కుర్చీ తప్ప.
నేను ఒక వెయ్యి కూడబెట్టేలోపు
అది మూడు వేలు ముందుకి జరిగేది.
శనివారం నేల తుడిస్తే గీతలు పోతాయి, మళ్ళీ గీస్తాను.
ఒక్కోసారి కాస్త వెడల్పుగా.
సుద్ద ధర అంతగా పెరగలేదు.

మొన్న మంగళవారం ఆగ్నేయపు గాలివాన, కరెంటు లేదు.
కుళాయి బాగుచెయ్యడానికి వచ్చాడు ఎవరిస్తో.
ఎప్పుడూ ఆ గీతల చుట్టూ తిరిగి నడిచే మనిషి
పని అయ్యాక అక్కడే నిలబడి
"కూర్చోవచ్చా?" అన్నాడు.
మోకాళ్ళు టకటకమంటుండగా సరిగ్గా గీతల్లోపల కూలబడి
లేని చేతులమీద మోచేతులు ఆన్చాడు.
మాతె ఇచ్చాను. రెండు గుక్కలయ్యాక, చాలా సీరియస్‌గా:
"ఎడమవైపు స్ప్రింగు గుచ్చుతోంది."
"పాతది" అన్నాను.

లిఫ్టు లేదు కదా, మెట్లు దిగి వెళ్ళాడు,
ప్యాంటు వెనక తెల్లగా నా కుర్చీ అంచు వేసుకుని.
దులిపే బ్రష్షు చేతిలోనే ఉంది.
పిలవలేదు.